కృష్ణ నుంచి గోదారి దాకా: తెలంగాణను విడతల వారీగా నడిచి దాటడం ఎలా

నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. అక్కడ నిలబడి ఉత్తరానికి, కొంచెం తూర్పుకు మొహం పెట్టి నడక మొదలుపెడితే మిర్యాలగూడ, సూర్యాపేట, ఫణిగిరి, పాలకుర్తి, వరంగల్, రామప్ప, మేడారం దాటాక ఏటూరునాగారం దగ్గర గోదావరి వస్తుంది. నది నుంచి నదికి సుమారు 350 కిలోమీటర్లు. గుళ్ల కోసం, గుట్టల కోసం పక్కదారులు పట్టేవాళ్లకు ఇంకా ఎక్కువే అవుతుంది.

ఈ దూరాన్ని ఒక్క బిగిన నడవనక్కర్లేదు. శని, ఆదివారాలు నడిచి, ఆగిన చోట గుర్తు పెట్టుకుని, బస్సెక్కి ఇంటికి రావచ్చు. వీలు చిక్కినప్పుడు మళ్లీ అదే చోట దిగి ముందుకు పోవచ్చు. ఉద్యోగం చేసుకునేవాళ్లు కూడా ఒకటి రెండు చలికాలాల్లో పూర్తి చేయగలిగిన దారి ఇది. దీన్నే ఎంచుకోమని చెప్పడానికి నాకో కారణం ఉంది. ఈ స్థలాలన్నీ కారులో విడివిడిగా చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. నడిస్తే మాత్రం అవి వరుసలో వస్తాయి, ఒక ఊరు చెప్పిన మాటకు ఇంకో ఊరు బదులిస్తుంది. ఆ బదులు వినడానికే ఈ నడక.

ముందు ఇంట్లో చేయాల్సిన పని

ఫోన్‌లోని మ్యాపు మీకు తారు రోడ్డే చూపిస్తుంది. మీకు కావాల్సింది చెరువు కట్టలు, బండ్ల బాటలు, కాలువ గట్లు. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 స్కేలు పటాలు ఆ సంస్థ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి. మీ దారి పడే పటాలన్నీ దించుకుని, ఊరి పేర్లు, చెరువులు, గుట్టలు, గుడి గుర్తులు ఎర్ర పెన్నుతో చుట్టుకోండి. ఆ తర్వాత ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి, ఆ బాటలు ఇంకా ఉన్నాయో లేదో ఒక్కొక్కటే సరిచూసుకోండి. కొన్ని పొలాల్లో కలిసిపోయి ఉంటాయి, కొన్ని సిమెంటు రోడ్లయి ఉంటాయి. ఈ పనికి ఒక ఆదివారం పూర్తిగా కేటాయించాలి, వృథా పోదు.

చదవాల్సింది కూడా కొంచెం ఉంది. పురావస్తు శాఖ జిల్లాల వారీగా శాసనాల సంపుటాలు అచ్చువేసింది. నల్గొండ, వరంగల్ సంపుటాలు పెద్ద గ్రంథాలయాల్లో ఉంటాయి, స్కాన్ ప్రతులు ఇంటర్నెట్‌లోనూ తిరుగుతుంటాయి. మీ దారిలోని ఊరి పేరు వెతికి, అక్కడ శాసనం ఉంటే ఎవరు, ఎప్పుడు, ఏం దానం చేశారో రెండు వాక్యాల్లో నోటుబుక్కులో రాసుకోండి. ఊళ్లోకి వెళ్లాక ఆ రెండు వాక్యాలే మీకు పరిచయ పత్రం.

విడతలు కట్టుకోవడం

చదును నేల మీద గంటకు నాలుగు కిలోమీటర్లు నడుస్తాం. కానీ ఈ దారిలో ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు ఆపుతారు, మీరూ ఆగాలి. అందుకని రోజుకు 15 కిలోమీటర్లు మించి లెక్క వేసుకోవద్దు. అలా చూస్తే పాతిక రోజుల లోపు నడక. రెండేసి రోజుల చొప్పున విడగొట్టుకోండి.

విడత ఎప్పుడూ బస్సు ఆగే చోటే ముగియాలి. అందమైన గుట్ట దగ్గర ఆపాలనిపిస్తుంది, కానీ అక్కడికి తిరిగి చేరుకోవడానికే సగం రోజు పోతుంది. పల్లెవెలుగు బస్సు వేళలు మండల కేంద్రంలోని బస్టాండులోనే అడిగి రాసుకోండి. సాయంత్రం ఆఖరి బస్సు ఎప్పుడన్నది ఊళ్లోని కిరాణా కొట్టాయన చెప్పినంత కచ్చితంగా ఇంకెవరూ చెప్పలేరు. తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకుంటే చాలు, ఇలాంటి నడకకు అది పెద్ద ఆసరా.

రాత్రి బస విషయంలో నా సలహా ఒకటే: పెద్ద ఊళ్లో లాడ్జి తీసుకుని, అక్కడి నుంచి పొద్దున బస్సులో వెళ్లి నడిచి, సాయంత్రం తిరిగి రావడం. మిర్యాలగూడ, సూర్యాపేట, జనగామ, హన్మకొండ, ములుగు ఇందుకు సరిపోతాయి. హన్మకొండ, రామప్ప, లక్నవరంలలో పర్యాటక శాఖ హరిత హోటళ్లు ఉన్నాయి. బరువు గదిలోనే వదిలేసి నడవొచ్చు కాబట్టి మోకాళ్లు మిగులుతాయి.

కాలం, సరంజామా

నవంబర్ నడిమి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా నడవండి. మార్చి వస్తే పదకొండింటికే తారు సెగలు కక్కుతుంది. వానకాలంలో వాగులు దారి మూసేస్తాయి. ములుగు దారిలో కటాక్షపూర్ చెరువు మత్తడి దూకితే హైవే మీది బండ్లే ఆగిపోతాయి.

పొద్దున వెలుతురు రాగానే బయల్దేరి పదకొండు లోపు పెద్ద భాగం ముగించండి. మధ్యాహ్నం ఊళ్లో, గుడిలో, చెట్టు కింద గడిచిపోవాలి. బూట్లు మామూలు సైజు కంటే ఒక సైజు పెద్దవి కొనండి, మధ్యాహ్నానికి పాదాలు ఉబ్బుతాయి. రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, టవల్, టోపీ, చిన్న టార్చి, నోటుబుక్కు, పెన్సిలు ఉంటే చాలు. చేతికర్ర మాత్రం తప్పనిసరి, కుక్కలు ఊరి పొలిమేరలోనే ఎదురొస్తాయి. పరుగెత్తకండి. కర్ర కిందికి ఆనించి నిలబడితే చాలాసార్లు మొరిగి ఆగిపోతాయి.

తారు రోడ్డు మీద కుడి పక్కనే నడవండి, ఎదురొచ్చే బండి మీకు కనిపిస్తుంది. నవంబర్, డిసెంబర్ నెలల్లో రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉంటాయి, ఉన్న దారి ఇరుకవుతుంది. వడ్ల మీద కాలు పడనీయొద్దు. ఆడవాళ్లయినా మగవాళ్లయినా తోడుతో నడవడమే మంచిది. ఇద్దరుంటే ఒకరు మాట్లాడతారు, ఒకరు రాసుకుంటారు.

ఊళ్లో అడుగుపెట్టాక

వీపుకు సంచి తగిలించుకుని కొత్త మనిషి నడిచి వస్తే ఊళ్లో మొదటి ప్రశ్న "ఏ ఊరు బిడ్డా?". రెండోది "ఎవలింటికి?". మూడోది, మీరు గోదారి దాకా నడుస్తున్నామని చెప్పాక, "మొక్కా?". మొక్కు కాదని, పాత సంగతులు తెలుసుకుంటూ నడుస్తున్నామని నిదానంగా చెప్పండి. ఈ మూడు ప్రశ్నలకు విసుక్కోకుండా, ప్రతి ఊళ్లోనూ మొదటిసారి విన్నట్టే జవాబివ్వాలి. మీకు ఆ తర్వాత దొరికేదంతా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఈ ప్రాంతంలో గుప్తనిధుల కోసం పాత గుళ్లు, శివలింగాలు, నంది విగ్రహాల కింద తవ్వి పాడుచేసే దొంగలు తిరుగుతుంటారు. ఊరి బయట శిథిలం చుట్టూ ఫోన్ పట్టుకుని తిరిగే కొత్త మనిషిని ఊరు అనుమానిస్తే అది న్యాయమే. అందుకే ముందు గ్రామ పంచాయతీకో, బడికో వెళ్లండి. సర్పంచికో, పంచాయతీ కార్యదర్శికో, సారుకో మీ పేరు, ఊరు చెప్పి, ఫలానా రాయి చూడాలని అడగండి. ఎవరినైనా తోడు పంపమనండి. పొద్దు గూకాక ఏ శిథిలం దగ్గరా ఉండొద్దు, మట్టి గీకొద్దు, రాయి కదపొద్దు.

పెద్దవాళ్లను తాతా, అవ్వా, బాపూ, పెద్దమ్మా అని పిలిస్తే చాలు, మిగతా మర్యాద గొంతులోనే ఉంటుంది. "మీ ఊరి చరిత్ర చెప్పండి" అని అడిగితే ఎవరూ చెప్పలేరు, బడిలో సారును అడగమంటారు. ప్రశ్న చిన్నదిగా, చేతికి అందేదిగా ఉండాలి. బొడ్రాయి ఎక్కడుంది? చెరువు తూము ఎవరు తెరిచేవాళ్లు? ఈ బురుజు ఎవరిది? పీరీలు ఏ ఇంటి నుంచి లేస్తాయి? మీ తాత ఎవరి భూమి దున్నేటోడు? ఈ ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబు ఒక్కోసారి గంటసేపు సాగుతుంది.

రికార్డు చేయాలనుకుంటే ముందు అడగండి. వద్దంటే ఫోన్ జేబులో పెట్టి, ఊరు దాటాక చెట్టు కింద కూర్చుని రాసుకోండి.

చెరువును చదవడం

ఈ దారిలో కోటల కంటే, గుళ్ల కంటే ఎక్కువగా కనిపించే పాత కట్టడం చెరువు. దాన్ని చూడటం నేర్చుకుంటే ప్రతి రోజూ మీకు చరిత్రే.

కట్ట ఎక్కి ముందు మత్తడి ఎటుందో చూడండి. నిండాక నీళ్లు పొర్లి బయటికి పోయే చోటు అది. ఆ నీళ్లు ఎటు పోతాయో కంటితో వెంబడించండి. చాలాచోట్ల కింద ఇంకో చెరువు ఉంటుంది, దాని కింద మరొకటి. వీటినే గొలుసుకట్టు చెరువులంటారు. కాకతీయులు, వాళ్ల సామంతులు వేసిన పద్ధతి ఇది. తర్వాత తూము చూడండి. పాత తూము రాతి స్తంభాల మధ్య ఉంటుంది, కొన్నిచోట్ల చెక్కడం కూడా కనిపిస్తుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చాలా చెరువుల పూడిక తీసి, తూములు కొత్తవి కట్టారు. పాత రాళ్లు అప్పుడు కట్ట పక్కకు చేరి ఉండొచ్చు, అక్కడా వెతకండి. కట్ట మీద మైసమ్మ తప్పక ఉంటుంది, ఆమె పక్కన పసుపు పూసిన వీరగల్లు, అంటే పోరులో పడిపోయిన వీరుడి గుర్తు రాయి, ఉండటం కూడా మామూలే. కత్తి పట్టిన మనిషి, పైన లింగం, కొన్నిటి మీద సూర్యచంద్రులు. చెప్పులు విడిచి దగ్గరికి వెళ్లండి.

కట్టల మీద నడిస్తే నీడ దొరుకుతుంది, అడ్డదారీ దొరుకుతుంది. మీ పటంలో నీలిరంగు కనిపించిన ప్రతిచోటా దారిని ఆ కట్ట మీదికి మళ్లించుకోండి.

శాసనం దగ్గర

శాసనం మీద సుద్ద, పిండి, నూనె, రంగు ఏదీ పూయొద్దు. అక్షరాలు తేలడానికి వెలుతురు ఏటవాలుగా పడితే చాలు. పొద్దున ఏడింటికో సాయంత్రం ఐదింటికో వెళ్లండి, లేదా టార్చిని రాతికి ఆనించినట్టు పక్క నుంచి వేయండి. ఎదురుగా ఫ్లాష్ కొడితే అక్షరం మాయమవుతుంది. నాలుగు ముఖాలూ విడివిడిగా ఫొటోలు తీసి, ఒక్కో ముఖాన్ని పైనుంచి కిందికి ముక్కలుగా తీయండి.

పాత తెలుగు లిపి మొత్తం చదవలేకపోయినా మూడు చోట్లు పట్టుకోవచ్చు. పైన సూర్యచంద్రులుంటే ఆ దానం వాళ్లున్నంత కాలం నిలవాలని అర్థం. మొదట్లో శక సంవత్సరం వస్తుంది. దానికి 78 కలిపితే మనం వాడే సంవత్సరం. రామప్ప శాసనం శక 1135, అంటే 1213. తేదీ పుష్య మాఘాల వైపు పడితే 79 కలపాలి. హన్మకొండ వేయిస్తంభాల గుడి శాసనం శక 1084 మాఘంలోది, అంటే 1163 జనవరి. ఇక చివర్లో శాపం. దానం చేసిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడని చెప్పే శ్లోకం చాలా శాసనాల్లో ఉంటుంది. ఎనిమిది వందల ఏళ్ల కింద కూడా భూమి లాక్కునేవాళ్లున్నారనీ, వాళ్లకు భయం చెప్పాల్సి వచ్చిందనీ దాన్ని బట్టి తెలుస్తుంది. ఆ మాట గుర్తు పెట్టుకోండి, పాలకుర్తి దారిలో పనికొస్తుంది.

దారి: వాడపల్లి నుంచి సూర్యాపేట

వాడపల్లిలో అగస్త్యేశ్వరుడి గుడి, లక్ష్మీనరసింహస్వామి గుడి చూసుకుని సంగమం దగ్గర మొదలుపెట్టండి. నార్కట్‌పల్లి–అద్దంకి హైవే మీద నడవొద్దు, లారీల రద్దీ విపరీతం. ఊళ్ల మీదుగా పోయి, వీలైన చోట నాగార్జునసాగర్ ఎడమ కాలువ గట్లు అందుకోండి. ఎటు చూసినా వరి, మిర్యాలగూడ దగ్గరికొస్తే రైసు మిల్లులు. ఈ వరి, ఈ మిల్లులు సాగర్ నీళ్లు వచ్చాక పెరిగినవే, మిల్లుల్లో పనిచేసే పెద్దవాళ్లను కాలువ రాకముందు ఏం పండేదో అడగండి.

మూసీకి అవతలి ఒడ్డున జాన్‌పహాడ్ దర్గా ఉంది. ఈ జిల్లాలో సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అనే పేర్లున్న హిందువులు ఇంతమంది ఎందుకున్నారో ఆ దర్గాకు మొక్కే జనాన్ని చూస్తే తెలుస్తుంది. నోటుబుక్కులో ఒక పేజీ మనుషుల పేర్లకే ఉంచండి.

సూర్యాపేట చేరేలోపు మూసీని దాటాలి. హైదరాబాద్ మురుగు మోసుకొచ్చే నీళ్లవి, కాళ్లు కూడా తడపొద్దు.

సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి. రేచర్ల వంశపు రెడ్లు కాకతీయుల సామంతులుగా ఉండి కట్టించిన గుళ్లివి. నామేశ్వరాలయం, ఎరకేశ్వరాలయం ముఖ్యమైనవి. రెండోది బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో కట్టించింది. స్తంభాల నునుపు, వాటి మీది సన్నని చెక్కడం తీరిగ్గా చూడండి. రేచర్ల అన్న పేరు నోటుబుక్కులో అండర్‌లైన్ చేసుకోండి, ఉత్తరాన మళ్లీ తగులుతుంది.

సూర్యాపేట నుంచి ఫణిగిరి

అర్వపల్లి మీదుగా వెళ్లే ఈ విడత వెయ్యేళ్లు వెనక్కి తీసుకుపోతుంది. ఫణిగిరి గుట్ట మీద బౌద్ధ విహారాలు, స్తూపం ఉన్నాయి. శాతవాహనుల కాలం నుంచి ఇక్ష్వాకుల దాకా భిక్షువులు ఇక్కడ ఉన్నారు. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి శాసనం ఇక్కడ దొరికింది. సున్నపురాతి తోరణం దూలం మీద బుద్ధుడి కథలు చెక్కారు, అది 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్లొచ్చింది. 2024 తవ్వకాల్లో కుండ నిండా సీసపు నాణేలు దొరికాయి, మొత్తం 3,730.

గుట్ట ఎక్కేముందు ఊళ్లో అడగండి, కాపలా మనిషి ఉంటే వెంట తీసుకోండి. పైకి వెళ్లాక చుట్టూ చూడండి. తిరుమలగిరి, గాజులబండ, వర్ధమానుకోటల్లో కూడా బౌద్ధ అవశేషాలు దొరికాయి. ఒక్క గుట్ట మీద ఏకాంతంగా బతికిన సన్యాసుల సంగతి కాదిది. వర్తకుల బాట ఒకటి ఇటుగా సాగినప్పుడే ఇన్ని విహారాలకు తిండి పుడుతుంది. మీ కాళ్ల కింది దారి ఆ బాటకు దగ్గరలోనే ఉంటుందని నా నమ్మకం.

ఫణిగిరి నుంచి పాలకుర్తి, బమ్మెర

ఈ విడతకు అదనంగా ఒక రోజు పెట్టుకోండి. దేవరుప్పుల మండలం కామారెడ్డిగూడెంలో బందగీ సమాధి ఉంది. తన భూమి కోసం పెద్ద భూస్వామి అయిన విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కి, హత్యకు గురైన రైతు షేక్ బందగీ. అక్కడి నుంచి కడవెండి. 1946 జూలై 4న ఊరేగింపుగా వెళ్తున్న జనం మీద దేశ్‌ముఖ్ గూండాలు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య చనిపోయింది ఈ ఊళ్లోనే. తెలంగాణ సాయుధ పోరాటం రాజుకున్నది ఇక్కడి నుంచే. పాలకుర్తి ఐలమ్మది, ఆమె కౌలుకు దున్నిన పంటను దేశ్‌ముఖ్ మనుషులు కోసుకుపోబోతే ఆంధ్రమహాసభ సంఘం వాళ్లు అడ్డుపడి పంటను ఆమె ఇంటికి చేర్చారు. ఆమె 1985 దాకా బతికారు.

బందగీ సమాధి, కడవెండి, విసునూరు, పాలకుర్తి ఎంత దగ్గరగా ఉన్నాయో నడిస్తేనే తెలుస్తుంది. పొద్దున ఒక ఊళ్లో కేక వేస్తే మధ్యాహ్నానికి ఇంకో ఊరికి మనిషి చేరుకునే దూరాలు. ఉద్యమం ఊరి నుంచి ఊరికి ఎలా పాకిందో ఆ నడకలోనే అర్థమవుతుంది. ఆ రోజులు చూసినవాళ్లు ఇప్పుడు దాదాపు లేరు. వాళ్ల కొడుకులు, కూతుళ్లు ఉన్నారు, విన్నది చెబుతారు. గొంతు ఎక్కడ తగ్గిస్తున్నారో గమనించండి. రెండు పక్కల కుటుంబాలూ ఇప్పటికీ ఆ ఊళ్లలో ఉండొచ్చు, కాబట్టి ఒకరు చెప్పింది పక్కింట్లో పేరు పెట్టి అనొద్దు.

పాలకుర్తి గుట్ట మీద సోమేశ్వరాలయం ఉంది. ద్విపదకు పెద్దపీట వేసిన పాల్కురికి సోమనాథుడిది ఈ ఊరే అంటారు. కొద్ది కిలోమీటర్లు నడిస్తే బమ్మెర. పోతన మావాడేనని బమ్మెర చెబుతుంది, కడప వైపు ఒంటిమిట్టా అదే చెబుతుంది. బమ్మెరలో ఆయన పొలం ఏదో, బావి ఏదో చూపించేవాళ్లున్నారు. వాదన పెట్టుకోకండి, చూపించినవన్నీ చూసి, ఎవరు ఏమన్నారో రాసుకోండి. ఒక కవిని ఊరు ఇన్ని వందల ఏళ్లు దాచుకున్న తీరు కూడా చరిత్రే.

వరంగల్

బమ్మెర నుంచి జఫర్‌గఢ్ వైపుగా ఐనవోలు చేరండి. ఐనవోలు మల్లన్న గుడికి కాకతీయుల తోరణాలున్నాయి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా జాతర. ఆ రోజుల్లో వెళ్తే ఒగ్గు డోళ్ల మధ్య కథ వినొచ్చు, కానీ బస దొరకదు.

వరంగల్ కోటలోకి బస్సులో కాకుండా తప్పక నడిచే వెళ్లండి. ముందు మట్టికోట, తర్వాత కందకం, ఆ తర్వాత రాతికోట, అన్నీ దాటాకే మధ్యలో తోరణాలు. దాడికి వచ్చినవాళ్లు ఏమేం దాటాల్సి వచ్చిందో కాళ్లకు తెలుస్తుంది. 1323లో ఢిల్లీ నుంచి వచ్చిన ఉలూగ్ ఖాన్ దండు ముందు ఈ కోట పడిపోయింది. తోరణాల పక్కనే కాకతీయుల తర్వాత వచ్చిన పాలకుల ఖుష్‌మహల్ నిలబడి ఉంది, రెండింటినీ ఒకే చోటి నుంచి చూడొచ్చు. వరంగల్ గురించి రాసినవి చాలా ఉన్నాయి, ఇక్కడ ఆగను. కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్న చోట్ల డ్రోన్ ఎగరేయొద్దన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి.

రామప్ప, లక్నవరం

ములుగు దారి హైవే. పక్క ఊళ్ల మీదుగా చెరువు కట్టలు పట్టుకుంటే దూరం పెరుగుతుంది, మేలూ ఎక్కువే. ములుగుకు ముందు గట్టమ్మ గుడి దగ్గర మేడారం వెళ్లే ప్రతి బండీ ఆగుతుంది, మీరూ ఆగండి.

పాలంపేటలో రామప్ప గుడిని గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. మీరు పిల్లలమర్రిలో అండర్‌లైన్ చేసుకున్న పేరు ఇదే. ఒకే వంశం వాళ్లు దక్షిణాన సూర్యాపేట దగ్గర, ఉత్తరాన అడవి అంచున గుళ్లు కట్టించారంటే కాకతీయ రాజ్యం సామంతుల కుటుంబాల మీద ఎలా నిలబడిందో పుస్తకం లేకుండానే తెలిసిపోతుంది. పునాదిలో ఇసుక, గుడి శిఖరంలో నీళ్ల మీద తేలే ఇటుకలు, చూరు కింద మదనికలనే నల్లరాతి ఆడబొమ్మలు. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. గుడి చూసి వెళ్లిపోకుండా రామప్ప చెరువు కట్ట దాకా నడవండి. గుడిని పోషించింది ఆ నీళ్లే. ఓపికుంటే ఘనపూర్ కోటగుళ్లకు ఒక రోజు పెట్టుకోండి, ఒక పెద్ద గుడి చుట్టూ చిన్న గుళ్లు, జనం రద్దీ లేకుండా చూడొచ్చు. లక్నవరంలో అందరూ వేలాడే వంతెన ఎక్కుతారు. మీరు కట్ట మీదికి వెళ్లి, రెండు గుట్టల మధ్య చిన్న అడ్డుకట్టతో అంత నీటిని ఎలా ఆపారో చూడండి.

అడవి, మేడారం, గోదారి

పస్రా దాటితే ఏటూరునాగారం అభయారణ్యం. ఇక్కడ నా సలహా సూటిగా చెబుతాను: పస్రా–తాడ్వాయి, తాడ్వాయి–ఏటూరునాగారం మధ్య అడవి భాగం బస్సులో దాటండి. విడవకుండా నడవాలన్న పట్టుదల ఉంటే ముందు అటవీ శాఖ రేంజి ఆఫీసులో అడిగి, వాళ్లు సరేనంటే గుంపుగా, పట్టపగలు, రోడ్డు విడవకుండా నడవండి. పెద్ద జంతువులు తిరిగే అడవి ఇది. తాడ్వాయి మండలంలోని దామరవాయి గుట్టల మీద ఆదిమ మానవుల రాతి సమాధులు గుంపులుగా ఉన్నాయి, ఊళ్లో వాటిని రాకాసి గుళ్లంటారు. అనుమతి, ఊరి మనిషి తోడు రెండూ ఉంటేనే వెళ్లండి.

మేడారం సమ్మక్క–సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి దాపున నాలుగు రోజులు జరుగుతుంది. ఈ నడకకు ఆ నెల వదిలేయండి, ఊరు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్తే మాట్లాడేవాళ్లు దొరుకుతారు. గద్దెలు, జంపన్నవాగు, చిలకలగుట్ట చూడండి. గుట్ట ఎక్కాలని మాత్రం అడగకండి.

ఇక్కడ చెప్పే కథ జాగ్రత్తగా వినాలి. కరువు వచ్చింది, కోయలు కప్పం కట్టలేకపోయారు, ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చింది. సమ్మక్క భర్త పగిడిద్దరాజు, బిడ్డలు సారలమ్మ, నాగులమ్మ పోరులో పడిపోయారు. కొడుకు జంపన్న వాగులో దూకాడు. సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి కనిపించకుండా పోయింది, కుంకుమ భరిణ దొరికింది. వాడపల్లి నుంచి ఇక్కడిదాకా మీరు చెరువులు కట్టించిన రాజులుగా, గుళ్లు నిలిపిన సామంతులుగా చూస్తూ వచ్చిన కాకతీయులు ఈ గద్దెల ముందు కప్పం కోసం ఆడబిడ్డల మీదికి దండెత్తినవాళ్లు. చెరువు కింద వరి పండించే ఊరికి, అడవిలో పోడు మీద బతికే ఊరికి ఒకే రాజు రెండు రకాలుగా కనిపించాడు. శాసనాలు రాయించినవాళ్లు ఒక మాట మిగిల్చారు, కోయలు పాటలో, మొక్కులో ఇంకో మాట మిగిల్చుకున్నారు. నోటుబుక్కులో రెండింటికీ సమానంగా చోటు ఇవ్వండి. ఒకదాన్ని చరిత్ర అనీ ఇంకొకదాన్ని పుక్కిటి పురాణం అనీ శీర్షికలు పెట్టొద్దు. కోయ పూజారులను వాళ్ల ఇలవేల్పుల గురించి అడిగితే చెప్పగలిగింది చెబుతారు, చెప్పకూడనిది చెప్పరు. తరిచి అడగొద్దు.

ఏటూరునాగారం నుంచి రామన్నగూడెం పుష్కరఘాట్ దగ్గర గోదావరి అందుతుంది. నది పెద్దది, ఒడ్డున లోతు తెలియదు, స్నానానికి ఘాటు మెట్లు దాటి దిగొద్దు.

నోటుబుక్కు సంగతి

నడక అయిన వారం లోపు, జ్ఞాపకం తడి ఆరకముందే, ఊరి వారీగా సాపు రాసుకోండి. ప్రతి సంగతికీ ఎవరు చెప్పారో పక్కనే ఉండాలి: శాసనమా, అచ్చుపుస్తకమా, ఊరి పెద్దా, మీ ఊహా. ఎక్కడా నమోదు కాలేదనిపించే రాయి కనిపిస్తే ఫొటోలు, ఊరి పేరు, చోటు రాసి హెరిటేజ్ తెలంగాణ శాఖకు పంపండి. కచ్చితమైన చోటును సోషల్ మీడియాలో పెట్టొద్దు, నిధుల దొంగలు కూడా అవి చూస్తారు. తాతలు, అవ్వలు చెప్పిన మాటలు, వాళ్ల ఫొటోలు ప్రింటు తీసి ఆ ఊరి బడికి ఒక ప్రతి, చెప్పినవాళ్ల ఇంటికి ఒక ప్రతి పోస్టులో పంపండి. చిరునామాలు నడిచేటప్పుడే తీసుకోవాలి, ఆ తర్వాత దొరకవు.